ఇద్దరిదీ పాజిటివ్ గ్రూపే... మరి బిడ్డకు ముప్పేమిటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 28. ఇప్పుడు నాలుగో నెల. నాదీ, మావారిదీ బి పాజిటివ్. మొదటి కాన్పులో రక్తస్రావం ఎక్కువై రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఈసారి పరీక్షలో ఐసీటీ పాజిటివ్, 'యాంటీ చిన్న సి', టైటర్ 1:8 అని వచ్చింది. కడుపులో బిడ్డకు రక్తం తగ్గిపోవచ్చు, పుట్టాక కామెర్లు రావచ్చు అంటున్నారు. ఇది నెగటివ్ గ్రూపు వాళ్లకే కదా వచ్చేది? యాంటీ-డి ఇంజెక్షన్ తీసుకుంటే సరిపోతుందా? – ఒక సోదరి

జవాబు: మీకు ఈ సందేహం రావడంలో వింతేమీ లేదు. నెగటివ్ గ్రూపు గర్భిణులకు చెప్పినన్ని జాగ్రత్తలు పాజిటివ్ వాళ్లకు మేమే చెప్పం. మీకు ఐసీటీ (తల్లి రక్తంలో ఎర్ర కణాల మీద పనిచేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే ఇండైరెక్ట్ కూంబ్స్ పరీక్ష) ఎవరు రాశారో గానీ మంచి పని చేశారు. ముందు ఒకసారి రక్తం ఎక్కించుకున్నవారికి, గ్రూపు ఏదైనా సరే, ఆ పరీక్ష చేయాల్సిందే.

'పాజిటివ్' అంటే ఎర్ర రక్తకణం మీద 'డి' అనే యాంటిజెన్ (కణం మీద ఉండే గుర్తు లాంటి పదార్థం) ఉందని మాత్రమే. ఆర్‌హెచ్ కుటుంబంలో పెద్ద సి (C), చిన్న సి (c), పెద్ద ఇ (E), చిన్న ఇ (e) అనే యాంటిజెన్లు కూడా ఉన్నాయి. మీకు డి ఉంది, చిన్న సి లేదు. అప్పుడు ఎక్కించిన రక్తంలో అది ఉండి ఉండాలి. లేదా మొదటి బిడ్డకు తండ్రి నుంచి వచ్చి, కాన్పు వేళ ఆ కణాలు కొన్ని మీ రక్తంలో కలిసి ఉండాలి. మీ శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు (పరాయి పదార్థాన్ని ఎదిరించే ప్రొటీన్లు) తయారు చేసుకుంది. ఇందులో ఎవరి పొరపాటూ లేదు. అప్పటికి యాంటీబాడీ లేదు కాబట్టి రక్తం ఎక్కించే ముందు దాత రక్తంతో సరిచూసే మామూలు క్రాస్‌మ్యాచింగ్‌లో ఇది తెలిసే వీలు లేదు.

యాంటీ-డి ఇంజెక్షన్ మీకు పనికిరాదు. అది డి లేనివాళ్లలో డి మీద యాంటీబాడీ పుట్టకుండా ఆపేది. చిన్న సి విషయంలో అలాంటి ఇంజెక్షన్ ఏదీ లేదు.

ఈ యాంటీబాడీలతో మీ ఆరోగ్యానికి ఇబ్బంది లేదు. అవి ఐజీజీ రకానివి కాబట్టి మాయ దాటి బిడ్డకు చేరతాయి. అయితే బిడ్డ కణాల మీద చిన్న సి ఉంటేనే వాటిని పగలగొడతాయి. అందుకే ముందు మీవారి రక్తంలో చిన్న సి ఉందో లేదో చూడాలి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆయనకు అదే వచ్చి ఉంటే బిడ్డకూ తప్పకుండా వస్తుంది. ఒకరి నుంచే వచ్చి ఉంటే అవకాశం సగం. ఆయనకు అసలు లేకపోతే ఈ బిడ్డకు దాని భయం లేనట్టే. కొన్ని కేంద్రాల్లో తల్లి రక్తంలో తిరిగే బిడ్డ డీఎన్‌ఏను బట్టి కూడా చెప్పగలుగుతున్నారు.

ఇక టైటర్ 1:8 సంగతి. మీ సీరమ్‌ను ఎనిమిది రెట్లు పలుచన చేసినా ఇంకా ప్రతిచర్య కనిపిస్తోందని అర్థం. చాలా ల్యాబ్‌లు 1:16 లేదా 1:32ను హెచ్చరిక గీతగా తీసుకుంటాయి. 28 వారాల వరకు నెలకోసారి, ఆ తర్వాత రెండు వారాలకోసారి, అదే ల్యాబ్‌లో చేయించండి. ల్యాబ్ మారితే అంకె మారుతుంది, అనవసరంగా కంగారు పడతారు. ఒక్క మెట్టు తేడా (1:8 బదులు 1:16 లాంటిది) ఒక్కోసారి పరీక్షలోని తేడానే కావచ్చు.

అంకె గీత దాటితే డాప్లర్ స్కానింగ్‌తో బిడ్డ మెదడులోని ఒక ధమనిలో రక్తవేగం కొలుస్తారు. రక్తహీనత ఉన్న బిడ్డలో రక్తం పలుచనై వేగంగా పరుగెడుతుంది. ఆ వారానికి ఉండాల్సిన మధ్యస్థ విలువకు ఒకటిన్నర రెట్లు దాటితే రక్తహీనత గట్టిగానే ఉందని అనుమానించి, బొడ్డుతాడు రక్తనాళం ద్వారా కడుపులోనే బిడ్డకు రక్తం ఎక్కిస్తారు. వినడానికి భయంగా ఉన్నా, అలవాటున్న చేతుల్లో మంచి ఫలితాలిచ్చే చికిత్స ఇది. అందరికీ అంతదాకా రాదు.

మాటల్లో మాట. ఐసీటీ పాజిటివ్ అన్న ప్రతి రిపోర్టూ ఒకటి కాదు. వేరే యాంటిజెన్ల మీది యాంటీబాడీలూ ఇందులో బయటపడతాయి. యాంటీ-లూయిస్ వస్తే సాధారణంగా బిడ్డకు ఏమీ కాదు. యాంటీ-కెల్ అయితే 1:8 దగ్గరే మేం జాగ్రత్త పడతాం. అది ఇప్పటికే ఉన్న ఎర్ర కణాలను పగలగొట్టడంతో ఆగదు, కొత్త కణాల తయారీనే అణిచేస్తుంది. కాబట్టి యాంటీబాడీ పేరు తెలియకుండా భయపడొద్దు, ధీమాగానూ ఉండొద్దు.

కాన్పు మాత్రం రక్తనిధి, నవజాత శిశువుల ఐసీయూ ఉన్నచోటే పెట్టుకోండి. మీకు గానీ బిడ్డకు గానీ అవసరమైతే చిన్న సి లేని రక్తమే ఎక్కించాలి, అది అప్పటికప్పుడు దొరక్కపోవచ్చు. రక్తనిధికి ఇప్పుడే చెప్పి ఉంచండి. మీ తోబుట్టువులనూ పరీక్ష చేయించుకోమనండి. బయటివారిలో కన్నా వారిలో సరిపోయే రక్తం దొరికే అవకాశం ఎక్కువ.

కడుపులో ఉన్నంతకాలం, ఎర్ర కణాలు పగిలినప్పుడు పుట్టే పసుపు పదార్థమైన బిలిరుబిన్‌ను మీ శరీరమే వదిలిస్తుంది. అందుకే బిడ్డ పుట్టగానే పచ్చగా ఉండకపోవచ్చు, గంటల్లో పెరుగుతుంది. బొడ్డుతాడు రక్తంతో గ్రూపు, డైరెక్ట్ కూంబ్స్ (బిడ్డ కణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే పరీక్ష), హిమోగ్లోబిన్, బిలిరుబిన్ వెంటనే చూడమనండి. మొదటి 24 గంటల్లో వచ్చే కామెర్లను ఎండలో పెడితే తగ్గుతాయని వదిలేయకూడదు. బిలిరుబిన్ హద్దు దాటితే మెదడుకు దెబ్బ. చాలామందికి నీలికాంతి చికిత్స చాలు, కొద్దిమందికి రక్తమార్పిడి (బిడ్డ రక్తం కొంచెం కొంచెంగా తీసేస్తూ దాత రక్తం ఎక్కించడం) అవసరమవుతుంది. తల్లిపాలు ఆపక్కర్లేదు. మీ యాంటీబాడీలు బిడ్డ రక్తంలో కొన్ని వారాలు మిగిలే ఉంటాయి కాబట్టి, కామెర్లు తగ్గి ఇంటికి వెళ్లాక కూడా రెండు మూడు నెలలు హిమోగ్లోబిన్ చూపిస్తుండాలి. బిడ్డ పాలిపోయినా, పాలు తాగుతూ అలసిపోతున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.