మాజీ ఎంపీకి నెలకు 31,000 పెన్షన్, మరి నాకు?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా కావలి. నా వయసు 35. జెరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతున్నాను. అద్దె, కరెంటు పోను నెలకు 35 వేలు మిగులుతాయి. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, పీఎఫ్ లేదు. ఒక పాప. ఎంపీల జీతం 24 శాతం పెంచి, దాన్ని రెండేళ్ల వెనక నుంచి అమలు చేశారని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మాజీలకు పెన్షన్ కూడా 31,000 చేశారు. మా పన్నులతో వాళ్లకు బతికినన్నాళ్లూ పెన్షన్ వస్తుంటే, ముసలితనంలో మాకేముంది? మన జిల్లాలో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లేవారని మా నాన్న చెప్పేవాడు. ఇది న్యాయమేనా? నాకూ 60 ఏళ్లకు నెలకు 31,000 రావాలంటే ఎంత దాచాలి? ప్రస్తుతం నెలకు 5,000 చీటీ కడుతున్నాను.

జవాబు: మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ నాకు రెండూ ఒకటే అనిపించాయి. ముందు జీతం సంగతి చూద్దాం.

ఎంపీ జీతం 2010లో 16 వేల నుంచి 50 వేలు అయింది, 2018లో లక్ష అయింది. అప్పటిదాకా ఎంత పెంచుకోవాలో వాళ్లే బిల్లు పెట్టి వాళ్లే ఓటు వేసుకునేవారు. 2018లో ఆ పద్ధతి మార్చి, ఐదేళ్లకోసారి ధరలు పెరిగినంత మేర జీతం దానంతటదే పెరిగేలా చట్టంలో రాశారు. దానికి కొలబద్దగా ఆదాయపు పన్ను శాఖ ఏటా ప్రకటించే కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ ఇండెక్స్‌ను పెట్టుకున్నారు. 2018-19లో ఆ ఇండెక్స్ 280. 2023-24లో 348. అంటే 24 శాతం పెరిగింది. మీకు నిద్ర పట్టనివ్వని 1,24,000 అక్కడి నుంచే వచ్చింది. 2025 మార్చిలో ఉత్తర్వులు ఇచ్చి, 2023 ఏప్రిల్ నుంచి లెక్క కట్టారు. మధ్యలో కరోనా వచ్చినప్పుడు ఒక ఏడాది పాటు ఎంపీల జీతంలో 30 శాతం కోత కూడా పడింది, అదీ చెప్పాలి.

జీతం కాకుండా నియోజకవర్గం భత్యం 87,000, ఆఫీసు ఖర్చులకు 75,000 ఉన్నాయి. మూడూ కలిపితే నెలకు 2,86,000. లోక్‌సభ 543, రాజ్యసభ 245, మొత్తం 788 మందికి ఏడాదికి సుమారు 270 కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ ఖర్చు 50 లక్షల 65 వేల కోట్లు. అంటే కేంద్రం పెట్టే ప్రతి 10,000 రూపాయల్లో ఎంపీల జీతభత్యాలు 53 పైసలు. విమానాలు, ఇళ్లు, కరెంటు, మాజీల పెన్షన్లు అన్నీ కలుపుకుని దీన్ని మూడింతలు చేసినా రెండు రూపాయలు దాటదు. అదే బడ్జెట్‌లో పాత అప్పుల వడ్డీకే దాదాపు నాలుగో వంతు పోతోంది. కాబట్టి మీ జేబుకు చిల్లు పెడుతున్నది ఎంపీ జీతం కాదు. ఆ కోపంతో మీ నిద్ర పాడు చేసుకోవద్దని ముందుగా కోరుతున్నాను.

సుందరయ్య గారి మాట మీ నాన్నగారు చెప్పింది నిజమే. విడవలూరు పక్కన అలగానిపాడులో పుట్టిన మనిషి పార్లమెంటుకు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లడం మన జిల్లాకు గర్వకారణం. కానీ ఆయన పుట్టింది భూస్వాముల కుటుంబంలో. ఉన్నది వదులుకుని నిరాడంబరంగా బతకడం ఆయన గొప్పతనం. అసలు ఏమీ లేనివాడు ఎన్నికల్లో గెలిస్తే ఏం తిని పనిచేయాలి? నెల్లూరు ఎంపీ అంటే కందుకూరు నుంచి ఉదయగిరి దాకా ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు తిరగాలి. జీతం ఇవ్వకపోతే కాంట్రాక్టర్లు, ఆస్తిపరులు తప్ప వేరెవరూ ఆ పని చేయలేరు. మీ పాప రేపు ఎంపీ అయితే ఆమెకు ఆ జీతం ఉండాలనే నేను కోరుకుంటాను.

పెన్షన్ విషయంలో మాత్రం మీ కోపం న్యాయమైనదే. చట్టంలో ఉన్న మాట 'ఎంత కాలమైనా' అని. ఎంపీగా ఎంత తక్కువ కాలం పనిచేసినా పెన్షన్ వస్తుంది. ఐదేళ్లు దాటితే ప్రతి అదనపు ఏడాదికి ఇంకో 2,500 కలుస్తుంది. పదేళ్లు చేసినవారికి 43,500. ఇందుకోసం వారి జీతంలోంచి ఏమీ కోయరు. మీ షాపుకు జెరాక్స్ తీయించుకోవడానికి వచ్చే ప్రభుత్వ టీచర్లను అడగండి. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్లు, ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకమైన సీపీఎస్‌లో నెలనెలా జీతంలో పది శాతం కట్టుకుంటున్నారు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా చేతికి ఎంత పెన్షన్ వస్తుందో ముందుగా చెప్పలేని పరిస్థితి వాళ్లది. ఉద్యోగులకు కట్టుకున్నదాన్ని బట్టి పెన్షన్ అని చట్టం చేసిన సభలు, తమ సభ్యులకు మాత్రం ఆ నియమం పెట్టలేదు. 2018లో సుప్రీంకోర్టు కూడా ఎంపీల పెన్షన్‌ను సవాలు చేసిన పిటిషన్‌ను కొట్టేసింది, కాబట్టి మార్చితే సభలే మార్చాలి. పంజాబ్‌లో 2022లో ఎన్నిసార్లు గెలిచినా ఒక ఎమ్మెల్యేకి ఒకే పెన్షన్ అని చట్టం చేశారు. అంటే సభలు తలుచుకుంటే చేయగలవు.

నన్ను ఇంతకంటే ఎక్కువ బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. ఎంపీల జీతం పెంచడానికి వాడిన ఆ ఇండెక్సే ఒకప్పుడు మనకూ ఉండేది. స్థలం అమ్మితే కొన్న ధరను ఆ ఇండెక్స్ ప్రకారం పెంచి చూపి, మిగిలిన లాభం మీదే పన్ను కట్టేవాళ్లం. 2024 జులై 23 నుంచి కొన్న ఆస్తులకు ఆ వెసులుబాటు లేదు. అంతకుముందు కొన్న ఇళ్లు, స్థలాలకు మాత్రం పాత లెక్క ఎంచుకోవచ్చు. ధరలు పెరుగుతాయని వారి జీతం దగ్గర గుర్తుపెట్టుకున్న చట్టం, మీరు రేపు కొనబోయే మూడు అంకణాల స్థలం దగ్గర మర్చిపోయింది. నా దృష్టిలో అసలు అన్యాయం ఇది.

ఇప్పుడు మీ 31,000 లెక్కకు వద్దాం. చీటీకి కట్టే 5,000ను నెలనెలా షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్, అంటే ఇండెక్స్ ఫండ్‌లో సిప్‌గా 25 ఏళ్లు కట్టారనుకుందాం. ఏటా సగటున పది శాతం పెరిగితే 60 ఏళ్లకు దాదాపు 62 లక్షలవుతుంది. పది శాతం అన్నది నేను వేసుకున్న అంచనా మాత్రమే, మార్కెట్ హామీ ఇవ్వదు. ఆ 62 లక్షల మీద ఏటా ఆరు శాతం తీసుకుంటే నెలకు సరిగ్గా 31,000.

అమ్మయ్య అనుకోవద్దు. ధరలు ఏటా ఐదు శాతం పెరిగితే, అప్పటి 31,000తో ఇవాళ 9,150 రూపాయలకు వచ్చే సరుకులే వస్తాయి. మాజీ ఎంపీ పెన్షన్ ఐదేళ్లకోసారి పెరుగుతుంది, మీది అక్కడే నిలిచిపోతుంది. మీ ఇద్దరికీ ఉన్న తేడా అదే. అందుకే నా సలహా, ఆ నియమాన్ని మీ సిప్‌కు కూడా పెట్టండి. ఐదేళ్లు 5,000. ఆ తర్వాత ఐదేళ్లు 6,200. ఆపైన 7,700, తర్వాత 9,500, చివరి ఐదేళ్లు 11,800. ప్రతిసారీ అదే 24 శాతం. ఇలా చేస్తే 62 లక్షలు కాస్తా 82 లక్షలు అవుతాయి. నెలకు 41,000. ఇవాళ్టి విలువలో 12 వేల పైచిలుకు. ఇది చాలదు, అబద్ధం చెప్పి మిమ్మల్ని ఊరించను. పాప చదువు అయ్యాక ఇంకా ఎక్కువ వేయాల్సి వస్తుంది.

దీనికి తోడు అటల్ పెన్షన్ యోజనలో చేరండి. 35 ఏళ్ల వయసులో నెలకు 902 కడితే 60 నుంచి నెలకు 5,000 వస్తుంది, దానికి ప్రభుత్వ హామీ ఉంది. 40 దాటితే చేర్చుకోరు. ఆదాయపు పన్ను కట్టేవారికి 2022 అక్టోబరు నుంచి ఇందులో చోటు లేదు. కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా పన్ను సున్నా కాబట్టి మీకు ఆ ఇబ్బంది ఉండకూడదు, బ్యాంకులో ఒకసారి నిర్ధారించుకోండి. మీ భార్యకూ పీఎఫ్ లేదు కాబట్టి ఆమె పేరుతో విడిగా తీసుకోండి. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు.

ఇంకో మాట. మీ షాపులో జెరాక్స్ రేటు చివరిసారి ఎప్పుడు పెంచారు? ఇదే పని చేసే ఒక షాపు యజమానిని మొన్న ఈ ప్రశ్నే అడిగితే, పక్క షాపువాడు పెంచలేదు కాబట్టి తానూ పెంచలేదన్నాడు. పేపరు బండిల్ ధర, టోనర్ ధర, షాపు అద్దె ఎవరి కోసమూ ఆగలేదు కదా. జెరాక్స్ రేటు ముట్టుకోవడానికి భయమైతే లామినేషన్, స్పైరల్ బైండింగ్, అప్లికేషన్ నింపే ఛార్జీ దగ్గర మొదలుపెట్టండి. అక్కడ రూపాయి రెండు రూపాయలకు ఎవరూ వెళ్లిపోరు. రోజుకు అదనంగా 60 రూపాయలు మిగిలినా నెలకు 1,800. మీ ఇద్దరి అటల్ పెన్షన్ చందా దాదాపు అక్కడే వచ్చేస్తుంది.

మీ చీటీ పాడేశారో, ఇంకా ఉందో రాయలేదు. పాడేసి ఉంటే మిగిలిన నెలలు కట్టక తప్పదు, అప్పటిదాకా సిప్ 1,000తో మొదలుపెట్టండి. పాడకపోతే మాత్రం తొందరపడి ఎక్కువ తగ్గింపుకు పాట పాడొద్దు. చివరి దాకా ఉంచండి. వచ్చిన మొత్తంలోంచి ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. చీటీ ఎన్ని నెలలది, ఇంకా ఎన్ని మిగిలాయి, మీ భార్య వయసు ఎంత అన్నవి రాసి పంపితే మిగతా లెక్క వేసి ఇస్తాను.