ఆగితే ఆగిపోయే ఇంజిన్ ఎంత మిగులుస్తుంది?

ప్రశ్న: మూడేళ్ల కిందట మాన్యువల్ గేర్ల పెట్రోలు కారు కొన్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ దానంతటదే ఆగి, క్లచ్ తొక్కగానే మళ్లీ స్టార్టవుతుంది. నెల్లూరులో మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డులోని మా కొట్టుకు రోజూ వెళ్లి వస్తాను. నెలకు రెండు మూడు సార్లు ఒంగోలు ప్రయాణం ఉంటుంది. దీనివల్ల స్టార్టర్ మోటారు త్వరగా పోతుందని మా మెకానిక్ అంటున్నాడు. పోయిన నెల బ్యాటరీ దిగిపోతే, మామూలు బ్యాటరీ వేస్తే చాలని ఒకరు, చాలదని ఒకరు చెప్పారు. రోజూ ఉదయం బటన్ నొక్కి దీన్ని ఆపేయమంటారా, ఉంచమంటారా?
ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు స్టార్టర్ భయం తీర్చేస్తాను. ఇటువంటి కార్లలో పెట్టే స్టార్టర్ మోటారు మామూలు కార్లలోని దానికంటే దృఢమైనది, అనేక రెట్లు ఎక్కువ సార్లు తిరిగేలా తయారు చేసినది. చాలా వాటిలో ఇంజిన్ లోపలి బేరింగులకు కూడా అరుగుదలను తట్టుకునే పూత వేస్తారు. పైగా వేడిగా ఉన్న ఇంజిన్ ఒకటి రెండు నిమిషాలు ఆగినంత మాత్రాన లోపలి ఆయిల్ పొర పూర్తిగా జారిపోదు. ఉదయం చల్లని ఇంజిన్‌ను స్టార్టు చేసేటప్పటి శ్రమ దానికి ఇక్కడ ఉండదు. మీ మెకానిక్ మాట పాత కార్ల విషయంలో నిజమే. ఈ ఏర్పాటు లేని కారును సిగ్నల్ సిగ్నల్‌కూ తాళం తిప్పి ఆపుతూ ఉంటే ఆయన చెప్పినట్టే జరుగుతుంది.

ఇక ఆదా సంగతి. 1200 సీసీ పెట్రోలు ఇంజిన్ నిలబడి తిరుగుతూ ఉంటే గంటకు సుమారు 0.7 లీటరు తాగుతుంది, ఏసీ వేస్తే మరికొంత. మీరు రోజుకు పది నిమిషాలు సిగ్నళ్ల దగ్గర ఆగుతారనుకుందాం. ఆ పది నిమిషాలూ ఇంజిన్ ఆగి ఉంటే మిగిలేది 120 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ, అంటే లీటరు 110 రూపాయల లెక్కన పదమూడు రూపాయలు. నెలకు పాతిక రోజులకు 320 రూపాయలవుతుంది. కాగితం మీద బాగానే ఉంది కానీ మీ విషయంలో ఇందులో సగం కూడా రాదని నా అంచనా.

ఎందుకంటే ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా, బ్యాటరీలో తగినంత చార్జి ఉండేదాకా ఈ ఏర్పాటు పనిచేయదు. మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డుకు ఉన్న కాస్త దూరంలో ఇంజిన్ వేడెక్కే సరికి మీరు కొట్టు ముందు ఉంటారు. అంత చిన్న ప్రయాణాలలో బ్యాటరీ ఖర్చు పెట్టిన చార్జి కూడా తిరిగి నిండదు. సీటు బెల్టు పెట్టుకోకపోయినా చాలా కార్లలో ఇంజిన్ ఆగదు. మన ఊళ్లలో మరొక అలవాటు ఉంది: సిగ్నల్ పచ్చబడగానే ముందుకు దూకాలన్న ఆత్రంతో ఫస్టు గేరు వేసి క్లచ్ తొక్కిపట్టి నిలబడతాము. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి క్లచ్ వదిలితేనే ఇంజిన్ ఆగుతుంది కాబట్టి, ఆ అలవాటు ఉన్నవారి కారులో ఈ ఏర్పాటు ఉన్నా లేనట్టే.

ఒంగోలు ప్రయాణంలో లాభం ఇంకా తక్కువ. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టంగుటూరు వంటి టోల్ గేట్ల దగ్గర నిలబడే సమయం బాగా తగ్గింది. హైవే మీద ఆగని ఇంజిన్‌ను ఆపి మిగిల్చేదేముంటుంది?

మరి కంపెనీలు దీన్ని ఎందుకు పెడుతున్నాయని మీరు అడగవచ్చు. మైలేజీ, కర్బన ఉద్గారాలు కొలిచే ప్రయోగశాల పరీక్షలో కారు కదలకుండా నిలబడే ఘట్టాలు చాలా ఉంటాయి, అక్కడ ఇంజిన్ ఆగితే అంకె మెరుగుపడుతుంది. ఒక కంపెనీ అమ్మే కార్లన్నింటి సగటు ఉద్గారం కిలోమీటరుకు సుమారు 113 గ్రాములకు మించరాదన్న నిబంధన 2022-23 నుంచి అమలులో ఉన్నందున, ప్రతి గ్రామూ వారికి విలువైనదే. ఆ పరీక్ష అంకె వారి అవసరం కోసమే గాని, మీ కొట్టు దారిని చూసి వేసినది కాదు.

వేసవి మాట వేరుగా చెప్పాలి. కిందటి మే నెలలో ఒక మిత్రుని కారులో వెళుతూ, మధ్యాహ్నం వేళ రైలు గేటు దగ్గర ఆగాము. ఇంజిన్ ఆగింది. ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టే కాబట్టి అది కూడా ఆగి, ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉంది. నిమిషం లోపే గాలి వెచ్చబడి, వెనక సీట్లో ఉన్న పెద్దావిడ చీర కొంగుతో విసురుకోవడం మొదలుపెట్టారు. మరికాసేపటికి లోపలి వేడిని గమనించి ఇంజిన్ దానంతటదే మళ్లీ స్టార్టయింది. గూడ్సు బండి అప్పటికి ఇంకా రానే లేదు. రోహిణి కార్తెలో బటన్ నొక్కి దీన్ని ఆపుకోవడానికి మొహమాటపడనక్కరలేదు.

అసలు డబ్బు ఖర్చయ్యేది బ్యాటరీ దగ్గర. ఇటువంటి కారుకు ఈఎఫ్‌బీ గాని ఏజీఎం గాని అనే రకం బ్యాటరీ ఉంటుంది. మాటిమాటికీ కాస్త దిగి మళ్లీ నిండడాన్ని ఇవి తట్టుకుంటాయి, మామూలు బ్యాటరీ తట్టుకోలేదు. ధరలో తేడా రకాన్ని, మోడల్‌ను బట్టి ఉంటుంది. ఆ తేడా చూసి మామూలుది వేయించుకున్న నా బంధువు ఏడాది తిరగకుండానే రెండో బ్యాటరీ కొన్నాడు. మీరు కారుతో వచ్చిన రకాన్నే వేయించండి. ఏజీఎం ఉన్నచోట ఈఎఫ్‌బీకి కూడా దిగవద్దు. మీ పాత బ్యాటరీ మూడో ఏట పోయిందని ఈ ఏర్పాటును తిట్టుకోవద్దు, నెల్లూరు ఎండకు మామూలు కార్లలోనూ బ్యాటరీలు అలాగే పోతాయి.

మరొక మాట. చాలా కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చార్జి కొలిచే సెన్సర్ ఉంటుంది. ఇంకో కారు నుంచి కరెంటు తీసుకున్నప్పుడు గాని, అదనపు లైట్లు బిగించినప్పుడు గాని నెగటివ్ వైరును ఆ టెర్మినల్‌కు కాకుండా బాడీకి కలిపించండి. నేరుగా టెర్మినల్‌కు కలిపితే వచ్చిపోయే కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు.

కాబట్టి మీరు దీన్ని రోజూ పనిగట్టుకొని ఆపనక్కరలేదు. ఎండాకాలంలోనూ, అంగుళం అంగుళం జరిగే రద్దీలోనూ ఆపండి. ఐదారు సెకన్ల ఆగుడుకు మిగిలేదేమీ లేదు. రైలు గేటు దగ్గర చలికాలంలో పని చేయనివ్వండి.

ప్రశ్న: టీ తాగుదామని దిగి వచ్చేసరికి కారు స్టార్టు కాలేదు. ఇంజిన్ ఆగే ఉందని తాళం తిప్పలేదు. ఇది లోపమా?
ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: లోపం కాదు. దానంతటదే ఆగిన ఇంజిన్, మీరు బెల్టు తీసి తలుపు తెరిస్తే మళ్లీ దానంతటది స్టార్టు కాదు. డ్రైవరు లేని కారు కదలకూడదని చేసిన ఏర్పాటు అది. కానీ తాళం ఆన్‌లోనే ఉన్నందున ఫ్యాను, లైట్లు, స్టీరియో బ్యాటరీని తినేస్తూ ఉంటాయి. దిగే ముందు మీటర్‌లో ఇంగ్లిషు ‘A’ అక్షరం చుట్టూ బాణం ఉన్న పచ్చ గుర్తు కనిపిస్తోందేమో చూడండి. అది ఉంటే మీ ఇంజిన్ ఆగింది గాని కారు ఆగలేదు, తాళం తిప్పి దిగండి.

ప్రశ్న: స్కూటర్లలో కూడా ఇది వస్తోంది. ఉపయోగమేనా?
ఒక విద్యార్థి, కందుకూరు

జవాబు: కారుకంటే స్కూటరుకే ఇది చక్కగా కుదురుతుంది. ఏసీ గొడవ లేదు. 2019లో కొత్త రూపంలో వచ్చిన యాక్టివా 125 వంటి వాటిలో కరెంటు పుట్టించే ఏసీజీ యంత్రమే స్టార్టరుగా కూడా పనిచేస్తుంది కనుక పళ్ల చక్రాల కరకర శబ్దం ఉండదు, యాక్సిలరేటర్ తిప్పితే బండి నిశ్శబ్దంగా లేస్తుంది. పక్క స్టాండు వేసి కూర్చుని యాక్సిలరేటర్ తిప్పి, బండి లేవలేదని మాత్రం షోరూముకు వెళ్లకండి.