రెండేళ్లు ఆగిన స్నోమొబైల్‌లో పాత పెట్రోల్

అన్నా, అమెరికాలోని మిన్నెసోటాలో రెండు చలికాలాలుగా గ్యారేజీలో ఉండిపోయిన మీ టూ-స్ట్రోక్ కార్బురేటర్ స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) చోక్ తియ్యగానే ఆగిపోతోందన్నారు. సగం ట్యాంకు పాత పెట్రోల్ మీదే కొత్తది నింపి నడపొచ్చా అని అడిగారు. దయచేసి అలా చేయకండి.

అక్కడ మామూలుగా దొరికే పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీలుస్తుంది. తేమ బాగా ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. పాతబడిన పెట్రోల్ జిగురులా మారి, కార్బురేటర్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రాన్ని, అంటే పైలట్ జెట్‌ను, మూసేస్తుంది. మీ సమస్య చాలావరకు ఇదే. ఈ స్థితిలో బలవంతంగా పరుగెత్తిస్తే ఇంధనం చాలక పిస్టన్ కాలిపోవచ్చు. నా టెన్షన్ అంతా దాని గురించే.

ముందు ఆరుబయట, చేతిపంపుతో ట్యాంకు ఖాళీ చేయండి. నోటితో పీల్చొద్దు. కొంచెం గాజు సీసాలో పోసి కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లు చేరినట్టే. తర్వాత కార్బురేటర్లు విప్పి జెట్లను క్లీనర్ స్ప్రేతో కడగండి. వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనిపించాలి. ఇనుప తీగతో మాత్రం పొడవకండి, రంధ్రం పెద్దదైతే పెట్రోల్, గాలి పాళ్లు మారిపోతాయి.

ఫ్యూయల్ ఫిల్టర్, ప్లగ్గులు, గట్టిపడిన పైపులు మార్చేసి, ఇథనాల్ లేని తాజా పెట్రోల్ పోయండి. స్టెబిలైజర్ (పెట్రోల్ త్వరగా పాడవకుండా కలిపే ద్రవం) ఇప్పుడు పోసినా పాత పెట్రోల్ బాగుపడదు, అది బండిని దాచేముందు కలపాల్సింది. తీసిన పెట్రోల్‌ను డ్రైనేజీలో పారబోయకుండా మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చేయండి.