ఎక్సెల్‌లో 16 అంకెల నంబరు కొడితే చివరి అంకె సున్నా ఎందుకవుతుంది?

ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా మొదటి 15 అంకెలనే ఉంచుకుంటుంది, ఆపైవి సున్నాలైపోతాయి. కొట్టినదాన్ని లెక్కలకు పనికొచ్చే సంఖ్యగా 64 బిట్లలో దాచడమే కారణం. అందులో నికరంగా పట్టేది అంతే. 1234567890123456 కొట్టి ఎంటర్ నొక్కండి, ఫార్ములా బార్‌లో 1234567890123450 కనిపిస్తుంది.

తర్వాత ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మారిస్తే ఆ 6 తిరిగొస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు, ఎంటర్ నొక్కగానే పోయింది. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టాలి, లేదా నంబరుకు ముందు ' గుర్తు కొట్టాలి. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన డేటా ఉండే) ఫైలైతే డబుల్ క్లిక్‌తో తెరవొద్దు. డేటా ట్యాబ్ నుంచి తెచ్చుకుంటూ ఆ కాలమ్‌కు టెక్స్ట్ ఎంచుకోవాలి.

12 అంకెల ఆధార్‌కు ఈ బెడద లేదు. సెల్‌లో కుదించి చూపినా అంకెలన్నీ లోపల భద్రమే. నంబర్ ఫార్మాట్‌లో దశాంశ స్థానాలు 0 పెడితే పూర్తిగా కనిపిస్తాయి.