డాంగిల్ చూపే వోల్టేజీని నమ్మి ఆల్టర్నేటర్ మార్చవద్దు

ప్రశ్న: రేణిగుంట, తిరుమల మధ్య టాక్సీ నడుపుతున్నాను. కారు సమాచారాన్ని బ్లూటూత్‌తో ఫోన్‌కు పంపే చవక డాంగిల్‌ను రెండేళ్లుగా ఓబీడీ పోర్టులోనే (కారు లోపాలను చదివే సాకెట్‌లోనే) ఉంచాను. అది మొదట్లో 14.2 వోల్టులు చూపేది, ఇప్పుడు 14.5 చూపుతోంది. బ్యాటరీ దగ్గర మల్టీమీటరు మాత్రం 14.2 అనే అంటోంది. మెకానిక్ మాత్రం బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను మార్చాలంటున్నారు. మార్చాలా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మార్చనవసరం లేదు. చిత్తూరు, శ్రీకాళహస్తి పాఠకులూ ఇదే ఫిర్యాదు పదే పదే పంపుతున్నారు. ఇలాంటి డాంగిళ్లు చాలావరకు బ్యాటరీ వోల్టేజీని రెండు రెసిస్టర్లతో తగ్గించి, తమ లోపల వోల్టేజీని స్థిరంగా ఉంచే 5 వోల్టుల రెగ్యులేటర్ అవుట్‌పుట్‌నే కొలబద్దగా పెట్టుకుని లెక్కిస్తాయి. ఆ 5 వోల్టులు 4.9కి దిగినా డాంగిల్ దాన్ని 5 అనే అనుకుంటుంది కనుక, మారని 14.2 కూడా దాదాపు 14.5గా కనిపిస్తుంది.

రెగ్యులేటర్ అవుట్‌పుట్ దాని లోపలి ప్రామాణిక వోల్టేజీ, అంటే సుమారు 1.2 వోల్టుల రిఫరెన్స్‌పై ఆధారపడుతుంది. ఏళ్ల తరబడి తగిలే వేడి, చిప్ పైనున్న ప్లాస్టిక్ పీల్చుకునే తేమ, ఆ ప్లాస్టిక్ సిలికాన్‌పై కలిగించే ఒత్తిడి కలిసి ఆ రిఫరెన్స్‌ను మెల్లగా పక్కకు జరుపుతాయి. అయితే నాణ్యమైన చిప్‌లో ఈ మార్పు సాధారణంగా ఒక శాతానికి చాలా లోపలే ఉంటుంది. వాహనాల కోసం తయారయ్యే చిప్‌లను ఏఈసీ-క్యూ100 ప్రమాణం ప్రకారం 1000 గంటలపాటు అధిక వేడిలో పనిచేయించి పరీక్షిస్తారు. 2 శాతం తేడా వచ్చిందంటే, నాసిరకం రెగ్యులేటరో రెసిస్టర్లో వాడారని అనుమానించాలి. కారు సెన్సర్లలో చాలావాటికీ, వాటిని చదివే కంప్యూటర్‌కూ ఒకే 5 వోల్టుల సరఫరా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ మార్పు తనంతట తానే రద్దయిపోతుంది. బ్యాటరీని కొలిచేటప్పుడు ఆ రక్షణ ఉండదు. అందుకు విడిగా ఒక రిఫరెన్స్ చిప్ పెట్టాలన్న పాటి శ్రద్ధ కూడా తయారీదారులకు లేకపోవడం క్షమించరానిది.

నన్ను ఇంతకంటే ఎక్కువ కలవరపెడుతున్నది, మీరు దానిని రెండేళ్లుగా తీయకపోవడం. ఓబీడీ పోర్టులోని 16వ పిన్‌కు ఇంజిన్ ఆపినా బ్యాటరీ సరఫరా ఉంటుంది కనుక, ఎండలో నిలిపిన కారులో డాంగిల్ కాగుతూనే పనిచేస్తుంది, ముసలిదవుతూనే బ్లూటూత్‌ను తెరిచి ఉంచుతుంది. చాలా చవక రకాలకు ఫోన్‌తో జతకావడానికి 1234 లేదా 0000 అనే రహస్య సంఖ్యనే (పిన్) ఇస్తారు, కొన్నింటిలో దాన్ని మార్చే వీలే ఉండదు. అలిపిరిలో కారు నిలిపి మీరు మెట్లదారిన కొండకు వెళ్లిన గంటల్లో, పక్క కారులో కూర్చున్న ఎవరైనా ఫోన్‌తో దానికి జతకాగలరు. అప్పుడు వారు మీ వాహన గుర్తింపు సంఖ్యను చదవవచ్చు, లోపాల కోడ్‌లను చెరిపేయవచ్చు. పోర్టుకూ లోపలి నెట్‌వర్క్‌కూ మధ్య బయటి సందేశాలను వడకట్టే గేట్‌వే రక్షణ లేని పాత కార్లలో నియంత్రణ వ్యవస్థలకు సందేశాలు పంపే ప్రమాదమూ ఉంది. అవసరమైనప్పుడే పెట్టి, పని కాగానే తీసేయండి. పిన్ మార్చనివ్వని డాంగిల్‌ను ఇక వాడకండి. ఛార్జింగ్ వోల్టేజీని మల్టీమీటరుతోనే చూసుకోండి.