ఆటోమేటిక్ స్పోర్ట్స్ కారును మాన్యువల్‌గా మార్చొచ్చా?

రాయగడ నుంచి అడిగారు, కోరాపుట్ ఘాట్ల కోసం ఆటోమేటిక్ నిస్సాన్ 370జెడ్‌ని మాన్యువల్ చేయించొచ్చా అని. చేయించొచ్చండి. అది 6 గేర్ల మాన్యువల్‌తోనూ వచ్చింది కాబట్టి సామాను ఉంది. అయితే గేర్‌బాక్స్ ఒక్కటే తెస్తే చాలదు. ఇంజిన్ వెనక పల్చటి రేకులా ఉండే ఫ్లెక్స్‌ప్లేట్ తీసి బరువైన ఫ్లైవీల్ బిగించాలి, దాని మీద క్లచ్. పెడల్, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా మారతాయి. పెడల్ తొక్కితే ద్రవం ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ మాత్రం కొత్తదే వేయించండి. అది ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పి ఉంచే బెల్‌హౌసింగ్ లోపల ఉంటుంది, కారితే గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సిందే. అసలు చిక్కు వైరింగ్. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూలో ప్రోగ్రామ్ మార్చి రాయకపోతే, అది పాత గేర్‌బాక్స్ కోసం వెతుక్కుంటూ ఫాల్ట్ కోడ్లు చూపిస్తుంది. బండిలో మార్పులు చేయడం గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ముందే ఆర్టీవోని అడగండి. ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ కోసమే, అంటే ఇంజిన్‌తోనే వేగం తగ్గించడానికే అయితే, ఉన్న ఆటోమేటిక్‌లోనే మాన్యువల్ మోడ్‌లో కింది గేరు వేసి చూడండి.