పూరీ వెళ్లిన బండిలో నాలుగు ఖాళీ సీట్లు

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే నాలుగు కుటుంబాల వాళ్లం దసరా సెలవుల్లో పూరీ, కోణార్క్, చిలికా చూసొద్దామనుకున్నాం. మూడు రోజులకి 17 సీట్ల టెంపో ట్రావెలర్ 32,000, పూరీలో నాలుగు గదుల ఇల్లు రెండు రాత్రులకి 36,000. ఇంటికి 17,000 పడుతుందని అందరికీ చెప్పి, ముందు తలా 5,000 తీసుకున్నాం. బుకింగులన్నీ నేనే చేశాను. ఇంకో నాలుగు రోజుల్లో ప్రయాణమనగా ఒక కుటుంబం మానేసింది. ఆయన చెల్లెలి కూతురికి పెళ్లిచూపులు పడ్డాయట. ఇంటి ఓనరు ఒక్క రూపాయి కూడా తగ్గించనన్నాడు. చిన్న బండి అడిగితే ఆ తేదీలకి లేదన్నారు. మిగతా మూడు కుటుంబాలం వెళ్లొచ్చాం. నాలుగో గది తమకే దొరికిందని పిల్లలకి ఒకటే సంబరం. తీరా వచ్చాక 12,000 తక్కువ పడింది. రాని వాళ్లేమో ‘మేం రానేలేదు కదా, మా 5,000 ఇచ్చేయండి’ అంటున్నారు. వచ్చినవాళ్లలో ఒకరు ‘మీరు చెప్పింది 17,000, అంతకుమించి ఇవ్వం’ అన్నారు. ఇంకొకరు ఏమీ మాట్లాడడం లేదు. ఆ 12,000 నా క్రెడిట్ కార్డు మీద ఉంది. మా వారు గొడవెందుకు, వదిలేయమంటున్నారు. న్యాయంగా ఇది ఎవరు భరించాలి?

జవాబు: అమ్మా, పంచాయితీ తర్వాత చూద్దాం. ముందు ఆ కార్డు సంగతి. మినిమమ్ కట్టి మిగతాది అలాగే ఉంచేశారేమో చూసుకోండి. అలా ఉంచితే వడ్డీ బిల్లు తేదీ నుంచి కాదు, డబ్బు వాడిన రోజు నుంచే లెక్కేస్తారు. నెలకి మూడున్నర శాతం అనుకుంటే 12,000 మీద 420 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపితే దగ్గర దగ్గర 495. పైగా ఆ బాకీ ఉన్నన్నాళ్లు, దీపావళికి అదే కార్డుతో పిల్లలకి బట్టలు కొన్నా, వాటికీ మొదటి రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. సేవింగ్స్‌లోంచి తీసి ఈ వారమే కట్టేయండి. ఈ వడ్డీని మాత్రం పక్కింటివాళ్ల లెక్కలో కలపకండి. కార్డు మీద ఉంచాలనుకున్నది మీరు, వాళ్లు కాదు.

ఇక మీవారి మాట. వదిలేయడం తప్పని నేననను. కానీ ఎంత వదిలేస్తున్నారో తెలియాలి కదా. ఎవరి బాకీ ఎంతో తేలకుండా ఊరుకుంటే, మీరేదో త్యాగం చేశామనుకుంటారు, వాళ్లేమో తమ 5,000 మీరే ఉంచేసుకున్నారనుకుంటారు. రోజూ ఒకే లిఫ్టులో ఎక్కి దిగేవాళ్లు. లెక్క తేల్చండి, తర్వాత కావాలంటే వదిలేయండి.

మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ నాడు ఇంటికి ఎంతమంది చుట్టాలొస్తారో చెప్పలేం. ఆ భోజనాల లెక్క ఎవరూ రాయరు, అది పిలిచినవాళ్ల ఖర్చు. మీ పూరీ ప్రయాణం అలాంటిది కాదు. మీరెవరినీ అతిథులుగా పిలవలేదు. ఇంటికింత అని అనుకుని, అందరూ సరేనన్నాక మొదలైంది. కాబట్టి లెక్క అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇలాంటి ప్రయాణాల్లో ఖర్చు రెండు రకాలు. మనిషి వస్తేనే అయ్యే ఖర్చు ఒకటి: భోజనం, కోణార్క్ గుడి టికెట్టు, పూరీ గుడి ఆనందబజారులో మహాప్రసాదం. రానివాళ్లకి అది లేదు, మీరూ వేయలేదు. రెండోది, మనిషి వచ్చినా రాకపోయినా మారనిది. మడపాం టోల్‌గేటులో బండిని చూసి డబ్బు తీసుకుంటారు గానీ లోపల పదహారు మందా, పన్నెండు మందా అని ఎవరూ తొంగిచూడరు. డ్రైవరు బత్తా కూడా అంతే. ‘మేం రానేలేదు కదా’ అన్న మాట మొదటి రకానికి సరిపోతుంది. బండికీ ఇంటికీ సరిపోదు. వాళ్లు సరేనన్నారు కాబట్టే మీరు అంత పెద్ద బండి మాట్లాడారు, మూడు గదులు చాలేచోట నాలుగు తీసుకున్నారు.

చీటీలు కట్టేవాళ్లకి ఇది కొత్త కాదు. మధ్యలో మానేస్తానంటే, నీ బదులు కట్టే మనిషిని చూపించమంటారు. చూపించలేకపోతే అప్పటిదాకా కట్టింది ఆ పూటే తెచ్చి చేతిలో పెట్టరు. మానేసినందుకు శిక్ష కాదది, మిగతావాళ్లు ఆ వాటాని నమ్ముకుని ఉన్నారు గనక.

పెళ్లిచూపులకి వెళ్లడం తప్పని కూడా కాదు. మేనమామ లేకుండా పెళ్లిచూపులేమిటి? వెళ్లాల్సిందే. కాకపోతే అది వాళ్లింటి బాధ్యత, దానికయ్యే ఖర్చు కూడా వాళ్లింటిదే. అక్కడికి పట్టుకెళ్లిన పళ్లూ స్వీట్లూ మీ ముగ్గురి మీద వేయలేదు కదా! మానేయడం వల్ల పూరీలో పోయిన డబ్బూ ఆ ఖర్చులో భాగమే.

అయితే మొత్తం 12,000 వాళ్ల నెత్తినే వేస్తే నేను ఒప్పుకోను. ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది. బహుశా మీరు గమనించి రాయలేదు. నాలుగో గదిలో పిల్లలు పడుకున్నారన్నారు. అంటే ఆ గది ఖాళీగా లేదు. రెండు రాత్రులు మూడు కుటుంబాల పిల్లలు అక్కడ గంతులేశారు, పెద్దవాళ్లకి తమ గదుల్లో కాస్త చోటు, కాస్త ప్రశాంతత దొరికాయి. వాడుకున్న గదికి రానివాళ్ల చేత పూర్తి అద్దె కట్టించడం ఎలా న్యాయం? అలాగని మీరు ఆ గది కావాలని అడిగి తీసుకోలేదు, వాళ్లు మానేయబట్టి దొరికింది. అందుకని ఆ గది అద్దె 9,000లో సగం వాళ్లది, సగం మీ ముగ్గురిదీ అంటాను. సగమే ఎందుకు, మూడో వంతు ఎందుకు కాదు అంటే నా దగ్గర సూత్రమేమీ లేదు. ఇద్దరూ కొంచెం సణిగి ఊరుకునే అంకె అది.

బండిలో ఖాళీ సీట్ల సంగతి వేరు. కాళ్లు బార్లా చాపుకున్నారు, బ్యాగులు పెట్టుకున్నారు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. చిన్న బండి దొరికుంటే ఆ తేడా మేర వాళ్ల వాటా తగ్గించాల్సి వచ్చేది. మీరు అడిగారు, లేదన్నారు. అలా అడగడం చాలా ముఖ్యం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కూడా నష్టపరిహారం లెక్కగట్టేటప్పుడు, నష్టం తగ్గించుకోవడానికి చేతిలో ఏ దారి ఉందో చూడమంటుంది. కోర్టుకెళ్లమని చెప్పడం కాదమ్మా, ఇరుగుపొరుగు ప్రయాణానికి లాయర్లెందుకు. మీరు చేతులు ముడుచుకుని కూర్చోలేదని వాళ్లకి తెలిస్తే చాలు.

సరే, అంకెలు. రానివాళ్లకి బండి వాటా 8,000, గదిలో సగం 4,500, మొత్తం 12,500. ఇచ్చింది 5,000 పోతే ఇవ్వాల్సింది 7,500. ఆ 5,000 వెనక్కిచ్చే ప్రసక్తే లేదు. మిగిలిన 4,500 వెళ్లొచ్చిన మూడు కుటుంబాలకీ తలా 1,500. మీ 1,500 మీరు పెట్టుకోవాలి. చిలికాలో బర్కుల్ నుంచి కాళీజై గుడికి వెళ్లిన బోటు లాంటివి ఉంటే, అక్కడికెళ్లాక పన్నెండు మందికీ మాట్లాడుకున్నవి గనక రానివాళ్లకి సంబంధం లేదు.

‘17,000 మించి ఇవ్వం’ అన్నవాళ్ల మీద మీకు కోపంగా ఉన్నట్టుంది. నాకైతే వాళ్ల మాటలో సగం న్యాయం కనిపిస్తోంది. వాళ్లు ఒప్పుకున్నది అంతకే. పక్కింటివాళ్లు మానేస్తే ఆ భారం తమ మీద పడుతుందని ఎవరూ చెప్పలేదు, ప్రయాణానికి ముందు మిగిలిన నాలుగు రోజుల్లో కూడా మీరు చెప్పలేదు. అప్పుడే ‘ఇంత పెరిగేలా ఉంది, వెళ్దామా మానేద్దామా’ అని అడిగుంటే వాళ్లకి ఒక దారి ఉండేది. కాబట్టి వాళ్ల దగ్గర రాని కుటుంబం వాటా అడగకండి, గదికి 1,500 అడగండి. పిల్లల ఫొటోలు వాళ్ల ఫోన్లోనే ఉంటాయి, పెద్దగా వాదించరు. మాట్లాడనివాళ్లకీ అంతే. ఊరుకున్నారు కదా అని ఒప్పుకున్నట్టు కాదు, వాళ్లనీ నోరు తెరిచి అడగాలి.

ఇదే పెళ్లిచూపులు కాకుండా, వాళ్ల అత్తగారు బాత్రూంలో జారి తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నారనుకోండి. అంకెలు ఇవే. కానీ ఆ 7,500 వాళ్లని అడగొద్దనేవాణ్ణి. మూడు కుటుంబాలూ తలా 2,500 వేసుకోవాలని, ఆ మాట వాళ్ల దాకా వెళ్లకూడదని చెప్పేవాణ్ణి.

నేనూ ఒకప్పుడు ఎగ్గొట్టినవాణ్ణే. కాలేజీ రోజుల్లో ఐదుగురం ఎస్.కోట మీదుగా అరకు వెళ్లడానికి జీపు మాట్లాడాం. తెల్లవారితే ప్రయాణమనగా నేను రానన్నాను, కారణం ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఎవరూ డబ్బు అడగలేదు, నేనూ ఇవ్వలేదు. నా వాటా వేసినవాడు ఆ నెల మెస్ బిల్లు కట్టలేకపోయాడని ఎన్నో ఏళ్ల తర్వాత వాడి పెళ్లిలో ఇంకొకడు నవ్వుతూ చెప్పాడు. అడిగుంటే ఇచ్చేసేవాణ్ణి. మీ పక్కింటివాళ్లూ చెడ్డవాళ్లై ఇవ్వకుండా ఉండి ఉండరు. వాళ్లకి లెక్క తెలియదు, అంతే.

అందుకే గ్రూపులో పెట్టకండి. అందరి ముందూ అంకె పడితే ఎవరికైనా పౌరుషం వస్తుంది. ఒక కాగితం మీద బండి రసీదు, ఇంటి రసీదు, పై లెక్క రాసుకుని సాయంత్రం మీరొక్కరే వాళ్లింటికి వెళ్లండి. ముందు సంబంధం సంగతి అడగండి, నిజంగానే అడగండి. తర్వాత, ‘వదినా, పూరీ లెక్క తేల్చుకుందామని వచ్చాను. భోజనాలవీ మీకు వేయలేదు. నాలుగో గది మా పిల్లలు వాడుకున్నారు, అందులో సగం మేమే పెట్టుకున్నాం. బండీ, మిగతా సగం గదీ మీ వాటా. మీ 5,000 పోను 7,500 వచ్చింది’ అని కాగితం చేతికివ్వండి. ఆ తర్వాత మీరు ఆగండి. మనవాళ్లకి ఇక్కడే ఆగడం చేతకాదు. అవతలివాళ్లు నోరు తెరిచేలోగా ‘పర్లేదులే, వీలైనప్పుడు చూద్దాం’ అనేస్తాం. అలా అన్నామంటే ఆ డబ్బు ఇక రాదు.

తప్పు మీ వైపు కూడా ఒకటుంది. ఇంటికి 17,000 ఖర్చు మీ పేరు మీద పెట్టుకుని చేతిలోకి 5,000 తీసుకున్నారు. మిగతా 12,000కి పూచీ మీరే అయ్యారు. ఎవరైనా మానేస్తే వెనక్కి రాని డబ్బు ఎంతో, అడ్వాన్సు కనీసం అంత తీసుకోవాలి. వచ్చే ఏడాది కూడా వెళ్తారు కదా. అప్పుడు బుక్ చేయడానికి ముందే గ్రూపులో ఇలా రాయండి: ‘ఇంటికి ఇంత. శనివారంలోగా మొత్తం పంపినవాళ్లకే బుక్ చేస్తాను. మానేసేవాళ్లు తమ బదులు ఇంకో కుటుంబాన్ని చూపిస్తే సరే, లేకపోతే వెనక్కి రాని డబ్బు వాళ్లదే. తుపానొచ్చి ప్రయాణమే ఆగిపోతే నష్టం అందరం సమానంగా వేసుకుందాం.’

తుపాను మాట ఊరికే చేర్చలేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే మన తీరాన్ని తాకాయి. తిత్లీ మీ జిల్లాలో పలాస దగ్గరే తీరం దాటింది. దసరాకి సముద్రం పక్కకి వెళ్లేవాళ్లు ఆ వాక్యం రాసుకోకపోతే ఎలా? పైగా దసరాకి బెంగాల్ వాళ్లంతా పూరీలోనే ఉంటారు, ఆ రోజుల్లో ఇంటి ఓనర్లు డబ్బు వెనక్కిస్తారని ఆశ పెట్టుకోకండి.

ఈసారి రైల్లో వెళ్దామనుకుంటే ఎవరి టికెట్టు వాళ్ల ఫోన్లోంచే తీసుకోమనండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. అందరివీ మీరే తీస్తే, ఒకరు మానేసినప్పుడు వాళ్ల బెర్తులో ఇంకో స్నేహితురాలిని కూర్చోబెట్టలేరు. టికెట్టు మీద పేరు మార్చుకోవడం తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లల మధ్యే కుదురుతుంది. అదీ రైలు బయల్దేరడానికి 24 గంటల ముందే రిజర్వేషన్ ఆఫీసులో అడగాలి.

7,500 ఒక్కసారి ఇవ్వలేమంటే మూడు నెలలు 2,500 చొప్పున తీసుకోండి. తేదీలు ఆ కాగితం కిందే వాళ్ల చేతే రాయించండి.